కెమేరా కొన్న వైనము

మా యింట్లో మంచి కెమేరా కొనాలన్న మాట 2024 సంక్రాంతినాడు పుట్టినది. కెమేరా యింటికి వచ్చినది ఆ ఏటి దీపావళికి. మధ్య తొమ్మిదిన్నర నెలలు ఏమి చేసినారని ఎవరైనా అడిగితే, ఆలోచించినాము అని చెప్పవలసి ఉంటుంది.

ఈ వ్యాసంలో మేము అన్నచోటనల్లా పెద్దరికం అనుకోవద్దని చదువరులకు మనవి. మేమంటే నేనూ, మా యింటావిడా, కాలేజీకి పోయే అమ్మాయీ, పదవ తరగతి చదివే అబ్బాయీ. జీతం ఒక్కరిదే అయినా, బెంగ నలుగురిదీ కనుక బహువచనమే న్యాయమని తోచినది.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లా అందులో చేరేదాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊరే. సరిహద్దు గీత జరిగినది గాని మేము కదలలేదు. ఆఫీసులో ఒడియా, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. మా పెద్దలు పట్టుచీరలు నేసినవారు. మా నాన్నగారు మగ్గం వదలి గుమాస్తా అయినారు. మేము మెట్రిక్యులేషను గట్టెక్కి ఆయన బాటనే పోయినాము. పెదనాన్నగారు మాత్రం మగ్గం దిగలేదు.

ఊరికి గోపాలపురం సముద్రం ఓ పదహారు కిలోమీటర్లు. ఈ సంగతి ఎందుకు చెప్పుతున్నామో మెల్లిగా తెలుస్తుంది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే గట్టెక్కినది. గంటకు సుమారు 200 కిలోమీటర్ల గాలి. మా పెంకులు కొన్ని ఎగిరిపోయినవి. నడవాగది గోడమీదుగా తెల్లవార్లూ నీరు కారినది. ఆ గోడకే తాతగారి ఫొటో ఉండేది. తలపాగా, చేతికర్ర, పక్కన పూలకుండీ. ఇల్లంతటికీ ఆయనది అదొక్కటే. ఫొటో కాగితం మీది పూత జెలటిన్ అనీ, తడిస్తే అది ఉబ్బి జిగురవుతుందనీ, అద్దానికి ఆని ఉంటే ఆరిన తరువాత అతుక్కుపోతుందనీ మాకప్పుడు తెలియదు. వారం రోజులకు పటం విప్పి, పుణ్యానికి పోయి, కాగితాన్ని గోటితో లాగినాము. తాతగారి ముఖం అద్దానికి ఉండిపోయినది. తెల్ల కాగితం మా చేతికి వచ్చినది.

నాన్నగారి విషయంలో తుపాను తప్పేమీ లేదు. ఆయన దగ్గర ఆగ్ఫా క్లిక్-3 అనే పెట్టె కెమేరా ఉండేది. 120 నంబరు ఫిల్ము వేస్తే పన్నెండు ఫొటోలు. అందరినీ ఆయనే తీసేవారు కనుక, ఆయనను తీసినవారు లేరు. పోయిన తరువాత పటానికి పింఛను పుస్తకంలోని తపాలాబిళ్ళంత బొమ్మనే పెద్దది చేయించవలసి వచ్చినది. అందులో ఆయన ఎవరిమీదనో కోపంగా ఉన్నట్లు ఉంటారు. జీవితంలో ఆయన అంత కోపంగా ఉండగా మేము చూడలేదు.

ఫోను లేదా అని మీరడగవచ్చును. ఉన్నది. 2021లో మా ఫోను నీళ్ళబకెట్టులో పడి, అందులోని మూడేళ్ళ ఫొటోలు దానితోనే పోయినవి. వేరేచోట దాచుకోలేదా అని బాగుచేసే కుర్రవాడు అడిగినాడు. దాచుకొని ఉంటే వాడి కొట్టుకు ఎందుకు పోతాము?

ఇన్ని దెబ్బలు తిన్నవాళ్ళము కనుకనే 2024 సంక్రాంతికి, అమ్మాయి ముగ్గు ఫొటో మసకగా వచ్చిందని చిన్నబుచ్చుకొన్నప్పుడు, ఇక అసలైన కెమేరా ఒకటి కొందామని నలుగురమూ తీర్మానించినాము. పండుగ అడ్వాన్సు, చీటీపాట, ఇంటావిడ పోపులడబ్బా, అన్నీ కలిపితే 50,000 రూపాయలు తేలినవి. మా యింటి చరిత్రలో ఇల్లు మరమ్మతు తప్పితే ఒక్క వస్తువుకు అంత సొమ్ము పెట్టినది లేదు. అంత పెట్టినది చెడిపోతే?

ఆ ప్రశ్నతో మొదలయినది మా ఆలోచన.

మొదటి భయం మా ఆఫీసు క్యాషియరు బాబు పెట్టినది. ఆయన ఏ వస్తువైనా కొనకముందే దాని చావు సంగతి విచారించే మనిషి. "ఆజ్ఞా, కెమేరాకు ఆయుర్దాయం లెక్క ఉన్నది, తెలుసునా?" అన్నాడు. కెమేరాలో షట్టరు అని ఒక తెర ఉంటుంది. ఫొటో తీసినప్పుడెల్లా అది క్షణంలో ఎన్నవ వంతో తెరుచుకొని మూసుకొంటుంది. ఇన్ని దెబ్బలు తట్టుకొనేలా పరీక్షించినామని తయారీదారులు కొందరు అంకె చెప్పుతారు. చిన్న తరగతి కెమేరాలకు సాధారణంగా లక్ష. కేనన్ 5డి మార్క్ 4 కు లక్షన్నర. నైకాన్ డి 850 కి రెండు లక్షలు.

లక్ష! ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అంకె కనిపిస్తే లెక్క వేయక మానని ఉద్యోగం కదా. పాత ఫారం వెనుకవైపున కూడికలు మొదలుపెట్టినాము. నాన్నగారి క్లిక్ కెమేరాకు ఏడాదికి మూడు రీళ్ళు, అంటే 36 ఫొటోలు. ఆ చొప్పున లక్ష పూర్తి కావడానికి 2,777 సంవత్సరాలు. కాని డిజిటల్ కెమేరాకు రీలు ఖర్చు లేదు. వేలికి అడ్డు లేదు. నెలకు 500 అనుకొన్నాము. 16 సంవత్సరాల 8 నెలలు. అప్పటికి మేము రిటైరయి ఉంటాము. కాస్త ఊరట కలిగినది.

రెండవ భయం పాత కెమేరాది. ఎవరో బంధువుల అబ్బాయి పెళ్ళిళ్ళ ఫొటోలు తీసి మానుకొని, తన కెమేరాను 22,000కు ఇస్తానన్నాడు. చూడడానికి పెళ్ళికొడుకులాగనే ఉన్నది. అది ఎన్ని దెబ్బలు కొట్టినదో కనిపెట్టే ఉపాయం చాలా కెమేరాలలో ఉన్నది. ఆ అంకె చూస్తే 87,000. మిగిలినవి 13,000; మా లెక్కన 2 సంవత్సరాల 2 నెలలు. లక్ష దాటిన మరుక్షణం షట్టరు చచ్చిపోదనీ, అది పరీక్ష కొలత మాత్రమేననీ, యాభైవేలకే పోయినవీ రెండు లక్షలు దాటినవీ కూడా ఉంటాయనీ ఆ అబ్బాయి చెప్పినాడు. నిజమే కావచ్చును. కాని అమ్మేవాడి నోట నిజం కూడా అనుమానంగానే వినిపిస్తుంది. వదులుకొన్నాము.

మూడవ భయం మేమే కొనితెచ్చుకొన్నది. రాత్రిళ్ళు కూర్చుని ఏయే కెమేరాకు ఏయే జబ్బులు వచ్చినవో చదవడం మొదలుపెట్టినాము. వైద్య పుస్తకం చదివినవాడికి అన్ని రోగాలూ ఉన్నట్లే తోచుననే సామెత మాకు చక్కగా వర్తించినది. 2012లో నైకాన్ డి 600 అని ఒక కెమేరా వచ్చినది. దాని లోపలి గ్రాహక ఫలకం మీద దుమ్మూ నూనె మచ్చలూ చేరుతున్నాయని కొన్నవారు గోల పెట్టినారు. చివరకు 2014 ఫిబ్రవరిలో కంపెనీ, గ్యారంటీ గడువు దాటినవాటికైనా సరే ఉచితంగా శుభ్రం చేసి, అవసరమైతే షట్టరు సామాను మార్చి ఇస్తామని ప్రకటించినది. ఇది చదివి మేము "చూచినారా, పేరున్న కంపెనీవే ఇలా చెడిపోతున్నాయి" అన్నాము. మా యింటావిడ అదే విని "చెడితే ఊరకనే బాగుచేసినారు కదండీ, ఇంకేమి కావాలి?" అన్నది. ఒకే సమాచారం ఇద్దరికి రెండు విధాల అర్థమయినది. ఎవరిది సరియైన అర్థమో ఇప్పుడు మాకు తెలుసును గాని అప్పుడు ఒప్పుకోలేదు.

నాలుగవ భయం కంపెనీలే మాయమవుతాయని. మొట్టమొదటి డిజిటల్ కెమేరాను 1975లో చేసినది కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్. మూడున్నర కిలోల పైచిలుకు బరువు. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపు మీదకు ఎక్కించడానికి 23 సెకండ్లు. ఆ విద్యను కనిపెట్టిన కొడాకే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుకొని, ఆ ఏడే డిజిటల్ కెమేరాలు తయారుచేయడం మానుకొన్నది. ఒలింపస్ వారు 2021 జనవరి నుండి తమ కెమేరాల వ్యాపారాన్ని వేరే సంస్థకు అప్పగించినారు. పైగా, అద్దం పైకి లేచి దిగే పాత బాణీ కెమేరాలు పోయి అద్దం లేనివి వస్తున్నాయనీ, నైకానూ కేననూ కూడా 2018లో వాటికోసం కొత్త తరహా లెన్సు బిగింపు తెచ్చినారనీ అబ్బాయి చెప్పినాడు. పాతది కొంటే రేపు లెన్సులు దొరుకునా? కొత్తది కొందామంటే ధర అందునా? అద్దం లేనిదానిలో కదిలే భాగాలు తక్కువ కనుక చెడేవీ తక్కువని ఒకరు. ఉన్నదంతా విద్యుత్తు పనే కనుక చెడితే పల్లెత్తుమాట లేకుండా చెడుతుందని మరొకరు.

అయిదవది మాత్రం భయం కాదు, మా ఊరి నిజం. ఉప్పుగాలి. చెమ్మ. ఉన్నంతలో చెమ్మ అరవై శాతం దాటి నిలిచినచోట లెన్సు గాజుమీద బూజు పడుతుంది. సాలెగూడు దారాలలాగ పాకి, ముదిరితే గాజు పూతను తినివేస్తుంది. వర్షాకాలంలో ఊరగాయ జాడీని కాపాడుకొన్నట్లు లెన్సును కాపాడుకోవాలి. తోలుసంచీలో పెడితే భద్రమనుకొంటాము. తోలే చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది. మరమ్మతు చేయించాలంటే భువనేశ్వరం సుమారు 170 కిలోమీటర్లు, విశాఖపట్నం 270 కి పైన. కెమేరా ధర అందరికీ ఒకటే గాని, దాని నమ్మకం ఊరిని బట్టి మారుతుందని అప్పుడు తెలిసినది.

ఇన్ని భయాలతోనూ మా వీధిలోని స్టూడియో ఆయన దగ్గరకు పోయినాము. నలభై ఏళ్ళు ఫొటోలు తీసిన మనిషి. అన్నీ విని ఒక కాగితం మీద స్నానపు తొట్టి ఆకారంలో గీత గీసినారు. "ఎలక్ట్రిక్ సామాను చావు ఇలాగుంటుంది, బాబూ. మొదట్లో పోయేవి పోతాయి, అదిగో ఎత్తు. తరువాత చాలా ఏళ్ళు ఏమీ కాదు, ఇది పళ్ళెంలాగ సమంగా ఉన్న భాగం. చివర ముసలితనం, మళ్ళీ ఎత్తు. అందుచేత పెళ్ళి ముందురోజు కెమేరా కొనకూడదు. రెండు నెలల ముందు కొని బాగా చాకిరీ చేయించాలి. చెడేదయితే గ్యారంటీ ఉండగానే చెడుతుంది." ఇంతకన్న తేటగా మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినాక ఇంటికి వచ్చి మళ్ళీ ఆలోచించినాము.

జూను నెల ఆదివారం ఒకనాడు పెదనాన్నగారి యింటికి పోయినాము. ఆయనకు 78. గుంటమగ్గంలో కాళ్ళు దించి కూర్చొని, పడుగు సరిచూస్తున్నారు. ఆ గదికి ఒక్కటే కిటికీ. కిటికీలోంచి పడే వెలుగు ఆయన చేతులవరకే వచ్చి ఆగుతుంది. కెమేరా వచ్చినరోజున మొట్టమొదట తీయవలసినది ఇదేనని మేము నలుగురమూ ఎప్పుడో అనుకొన్నాము. అమ్మాయి తన ఫోనుతో ఒకటి నొక్కి, పర్లాకిమిడిలోని అత్త కూతురికి పంపినది. "అది మసకగా వస్తుందే, మంచి కెమేరా వచ్చాక తీద్దాము" అని మేము అడ్డుపడినాము.

పెదనాన్నగారు ఏమిటా కెమేరా అన్నారు. లక్ష దెబ్బల సంగతి చెప్పినాము.

"దెబ్బ అంటే?"

"ఒక్క ఫొటోకు ఒక్క దెబ్బ, పెదనాన్నా. లక్ష కొడితే ఆయుర్దాయం తీరినట్లే అంటున్నారు."

"మరి నా మగ్గానికి ఎన్ని?"

మేము తడుముకొన్నాము. ఆయనే లెక్క చెప్పినారు. అంగుళానికి అరవై పేక పోగులు, పోగుకొక దెబ్బ. ఆరు గజాల చీర 216 అంగుళాలు. మేము జేబులోని కలం తీసి చేతిమీదనే గుణించినాము. ఒక్క చీరకు 12,960 దెబ్బలు. ఎనిమిదో చీర ముగియకమునుపే లక్ష దాటుతుంది.

పెదనాన్నగారు నవ్వినారు. "ఎనిమిది చీరలకు ఆగని దానికోసమా ఆరు నెలలనుండి బెంగపడుతున్నావు? ఒరే, ఈ మగ్గం చెడిపోని రోజు ఉన్నదనుకొన్నావా? పొద్దున్న పోగు తెగుతుంది, అతుకుతాను. వానాకాలం కర్ర ఉబ్బుతుంది, మేకు సడలిస్తాను. తాడు అరిగితే తాడు, అచ్చు అరిగితే అచ్చు. యాభై యేళ్ళు నమ్మకంగా నడిచిందంటే అది చెడకపోబట్టి కాదురా, చెడినప్పుడల్లా నేను పక్కన ఉండబట్టి." కాసేపు ఊరుకొని, "ఎప్పుడు తీస్తావు మరి?" అన్నారు.

"వచ్చే నెల, పెదనాన్నా" అన్నాము.

వచ్చే నెల వచ్చినది. మేము రెండు కెమేరాల మధ్య ఊగులాడుతున్నాము. ఒకదానికి కార్డులు రెండు పెట్టుకొనే వీలున్నది. ఒక కార్డు చెడినా రెండవదానిలో ఫొటో ఉంటుంది. కాని అది మా సొమ్ముకు అందదు. రెండవదానికి ఒకే కార్డు. ఇంకొక చీటీ పాడుదామా, ఆగుదామా అని జూలై అంతా గడిచినది.

జూలై చివరి వారం పెదనాన్నగారు గుంటలోనుంచి పైకి లేవబోయి మోకాలు మడతపడి పడిపోయినారు. ఎముక విరగలేదు గాని, డాక్టరు గారు ఇక గుంటలోకి దిగవద్దన్నారు. ఆ వీధిలో ఆయన మగ్గమే చివరిది కాదు గాని, మా వంశంలో అదే చివరిది. మా అన్నయ్య మంచివాడే. వర్షాకాలంలో తెరచిన గుంట ఉంటే ముసలాయన మళ్ళీ దిగుతాడని భయపడి, రెండు రోజులలో మగ్గం విప్పించి, గుంట పూడ్పించి, పైన సిమెంటు వేయించినాడు. కర్ర అడిగినవారికి ఇచ్చినాడు. మాకు కబురు అందేసరికి సిమెంటు ఆరిపోయినది.

మేము పోయి చూచినాము. గది పెద్దదయినట్లు కనిపించినది. కిటికీ వెలుగు మాత్రం అలవాటు చొప్పున అక్కడికే వచ్చి, కొత్త సిమెంటు మీద పడుతున్నది.

ఇంటికి వస్తూ రిక్షాలో ఎవరమూ మాట్లాడుకోలేదు. మా యింటావిడ ఒక్కమాట అన్నది: "కెమేరా చెడిపోతుందేమోనని చూస్తూ కూర్చున్నాము. ఇల్లు చూడలేదు." మేము సమాధానం చెప్పలేదు, చెప్పడానికి ఏమీ లేదు.

తరువాత కథ త్వరగానే నడిచినది. దసరా తరువాత భువనేశ్వరం పోయి, ఒకే కార్డు పట్టే ఆ మధ్యరకం కెమేరానే, కొత్తదే, కొన్నాము. కంపెనీ పేరు చెప్పము, ప్రకటన అనుకొంటారు. కొట్టు అతను ఒడియాలో "గ్యారంటీ ఒచ్ఛి, భొరొసా బి ఒచ్ఛి" అన్నాడు. గ్యారంటీ కాగితం మీద రెండేళ్ళని ఉన్నది. భరోసా ఎన్నాళ్ళో కాగితంలో వ్రాయలేదు.

మేము నేర్చుకొన్న నాలుగు ముక్కలు, కొనదలచినవారికి పనికివస్తాయని వ్రాస్తున్నాము. రసీదు మీద కెమేరా నంబరూ పెట్టె మీది నంబరూ ఒకటేనా అని కొట్టులోనే సరిచూడవలెను. దొడ్డిదారిన దిగుమతి అయిన సరుకు నాలుగువేలు తక్కువకు దొరుకుతుంది గాని, దానికి ఇక్కడి గ్యారంటీ వర్తించదు. లెన్సు మూత తీయకుండా ఒక నల్ల ఫొటో, తెల్లగోడది ఒకటి తీసి పెద్దది చేసి చూస్తే, ఫలకం మీద చుక్కలుంటే బయటపడుతాయి. మొదటి రెండు నెలలు దానికి విశ్రాంతి ఇవ్వకూడదు. మా యింట్లో ఆ మాట మరీ నిష్ఠగా పాటించినారు. మొదటి నెల 1,140 ఫొటోలు. అందులో సగం ఉడుతవి. ఈ వేగాన లక్షకు 7 సంవత్సరాల 3 నెలలే. ఈసారి మాకు నిద్ర పట్టినది.

ఇంట్లో దాని కాపురం బియ్యపు డబ్బాలో. అంచుకు రబ్బరు ఉండి గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా. అందులో చెమ్మ పీల్చే సిలికాజెల్ గుళ్ళు, చెమ్మ కొలిచే చిన్న గడియారం ఒకటి. ముల్లు 40కీ 50కీ మధ్య ఉండేలా చూస్తాము. మా దగ్గరున్న గుళ్ళు పొడిగా ఉన్నంతకాలం నారింజ రంగు. చెమ్మ తాగితే ఆకుపచ్చ. అప్పుడు వంటకు పనికిరాని పాత మూకుడులో సన్నసెగన వేడిచేస్తే మళ్ళీ నారింజ. ఈ పని అబ్బాయిది. ఆదివారం ఉదయం కెమేరాలోని ఫొటోలను రెండు చోట్ల ఎక్కించడం అమ్మాయి పని: ఒకటి మా యింటి డిస్కు, రెండవది మా బావమరిది యింట్లో ఉండే డిస్కు. తుపాను రెండిళ్ళనూ ఒకేసారి ముంచదని ఆశ. రెండు చోట్లా ఎక్కినవని చూచుకొన్న తరువాతనే కార్డు తుడుస్తాము. గోపాలపురం ఇసుకలో లెన్సు మార్చకుండా కాపలా కాయడం మా యింటావిడ పని. పోగు తెగకుండా చూచే పనులు నలుగురికీ పంచుకొన్నాము.

దీపావళి మరునాడు కెమేరా పట్టుకొని పెదనాన్నగారి దగ్గరకు పోయినాము. మగ్గం సామానులో నాడె ఒక్కటి ఆయన దాచుకొన్నారు. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నాడె చేతికిచ్చి తీసినాము. చేతిమీది నరాలు, నాడె కొనన అరిగిన మెరుపు, అన్నీ అద్దంలో చూచినంత స్పష్టంగా పడినవి. ఖరీదుకు తగిన పనే చేసినది. పెద్దసైజు కాగితం మీద అచ్చు వేయించి ఇచ్చినాము. ఆయన చూచి, "బాగున్నది" అని పక్కన పెట్టినారు. "మగ్గం ఏదిరా?" అన్నారు.

అప్పుడు అమ్మాయి తన సంచీలోనుంచి ఇంకొక కాగితం తీసినది. ఆ జూను ఆదివారం, మేము వద్దంటూ ఉండగా ఫోనుతో తీసినది. ఫోను మారినప్పుడు దానిలోనిది పోయినదట. అత్త కూతురికి పంపినది మాత్రం అక్కడ మిగిలితే, తిరిగి తెప్పించి అచ్చు వేయించినది. అక్కడికీ ఇక్కడికీ పంపడంలో నలిగి, మసకబారి ఉన్నది. ఒక మూలన దాని వేలు కూడా పడినది. పెదనాన్నగారి వీపు, ఒక చేయి, ఎదురుగా మగ్గం, దానిమీద సగం నేసిన అంచు.

ఆయన కళ్ళజోడు తుడుచుకొని చాలాసేపు చూచినారు. మాకు మసకలో ఎర్ర మరక తప్ప ఏమీ కనబడలేదు. ఆయనకు అంచు కనబడినది, కుంభాల వరుస కనబడినది. "ఇది గౌరమ్మవారి వీధి పెళ్ళివారిది. ఇదిగో, ఇక్కడ పేక రెండుసార్లు తెగింది ఆవేళ" అన్నారు. వేలు కాగితం మీద ఆ చోటనే ఆగి ఉన్నది.

మా 50,000 రూపాయల కెమేరా బల్లమీద మూత పెట్టుకొని కూర్చున్నది. దాని తప్పేమీ లేదు.

ఆ మసక ఫొటోనే పటం కట్టించినాము. కాగితానికీ అద్దానికీ మధ్య నాలుగు పక్కలా దళసరి అట్ట పెట్టించి, అద్దం ఫొటోను తాకకుండా చూచుకొన్నాము. తాతగారి ముఖంతో నేర్చుకొన్న పాఠమది. దాని నకళ్ళు మా యింట్లో ఒకటి, బావమరిది యింట్లో ఒకటి, పర్లాకిమిడిలో ఒకటి ఉన్నవి.

మీలో ఎవరైనా కెమేరా కొనదలచుకొంటే విచారించుకోండి; 50,000 రూపాయలు ఎవరికీ చేదు కాదు. అయితే విచారణకు ఒక గడువు పెట్టుకోండి. ఆ గడువులోగా ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే, చేతిలో ఏది ఉంటే దానితోనే, ఈ ఆదివారమే పోయి తీయండి.

ఇది వ్రాస్తున్న వేళకు మా కెమేరా 6,412 దెబ్బలు కొట్టినది. పెదనాన్నగారి లెక్కన అది ఇంకా మొదటి చీరలో సగం దగ్గరే ఉన్నది.